ఆ పొద్దు తిరగని బస్సు

మా చెల్లెలికి ఆరేళ్లప్పుడు పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు మొదలైనాయి. నడుస్తుంటే పక్కకు తూలేది. జమ్మలమడుగులో డాక్టరు చూసి, మెదడులో గడ్డ ఉన్నట్టుంది, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించండి అన్నాడు.

మరుసటి రోజు ప్రొద్దుటూరు బస్సు ఎక్కి, అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి పోవాలనుకున్నాం. ఆ తెల్లారే పక్క ఊళ్లో ఒక పార్టీ నాయకుణ్ని బాంబులేసి చంపినారు. బస్సులు ఆగిపోయినాయి. నాయన జీపున్న ప్రతి ఇంటికీ పోయి బతిమాలినాడు.

"యాడికి పోతావప్పా? దావలో నిలిపి, యా పార్టీ అని అడిగి నరుకుతాండారు" అన్నారు.

బస్సులు మళ్లీ తిరిగేలోపే చెల్లెలు అమ్మ ఒళ్లో కన్ను మూసింది.

ఇప్పుడు నా పరిశోధన అటువంటి గడ్డల మీదే. కడుపులోని బిడ్డకు మెదడును తయారుచేసే మూలకణాలు పని అయినాక ఆగిపోవాలి. కొన్ని ఆగకుండా పెరిగి క్యాన్సర్ అవుతాయి. అవి ఎందుకు ఆగవో వెతుకుతుంటాను.

పోయినసారి ఊరికి పోయినప్పుడు ఇదంతా విని అమ్మ అడిగింది.

"ఆ పొద్దు బస్సు తిరిగింటే పాప బతికిండేదా మా?"

అటువంటి గడ్డను సమయానికి తీసేస్తే బతికిన పిల్లలున్నారని నాకు తెలుసు.

"లేదుమా, అప్పటికే శానా ముదిరింది. ఎవురున్నా ఏం చేయలేకపోయేవాళ్లు" అన్నాను.

"ఆ మాట మీ నాయనకు చెప్పు. ఒక్క జీపు తేలేకపోతినే అని ఇంగా ఏడుస్తాండాడు."

పోయి చెప్పినాను. నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భారం దిగినట్టు ఏడ్చినాడు. ఆయన పక్కనే కూర్చుని నేనూ ఏడ్చినాను.