గేటుకు తగిలించిన బ్యాగు

2023 దీపావళికి ముందు మాట. మలేషియాలోని ఇపోలో మా లాయరు ఆఫీసుకు నీలవేణి అనే అమ్మాయి వచ్చింది. హుటాన్ మెలింటాంగ్‌లో ఒక తాదికలో, అంటే చిన్నపిల్లల బడిలో, టీచరు. సెలవు రోజుల్లో ఇంట్లో పార్టీ పెట్టి హ్యాండ్‌బ్యాగులు అమ్మేది. హాల్లో చాపలు, వేడి వడలు, టీ, ఊళ్ళోవాళ్ళ కబుర్లు, మధ్యలో పెద్ద పెద్ద విదేశీ కంపెనీల ముద్రలున్న బ్యాగులు. ముద్రలే ఆ కంపెనీలవి, సరుకు నకిలీ.

ఆమధ్య ఒక పార్టీకి ఎవరో కొత్తావిడ వచ్చి, అడిగిన ధర ఇచ్చి ఒక బ్యాగు కొనుక్కుపోయింది. మన తెలుగువాళ్ళ మధ్య కూర్చుని బేరమాడకుండా కొన్న మనిషిని చూసినప్పుడే అనుమానం రావాల్సింది. ఆవిడ ప్రభుత్వ అధికారి. మా వృత్తిలో దీన్ని ట్రాప్ పర్చేజ్ అంటారు. మామూలు కొనేవాళ్ళలా వచ్చి, అమ్మకం జరుగుతోందని రుజువు సంపాదించడం. మర్నాడే అధికారులు వచ్చి ఇంట్లో ఉన్న బ్యాగులన్నీ పట్టుకుపోయారు.

నా ముందు కూర్చున్న నీలవేణి ఏడవలేదు. ఉడికిపోతోంది.

"నేనెవుల్నీ మోసం సెయ్యలేదక్కా. కాపీ అని సెప్పే అమ్మినాను. కావాలంటే అడగండి లా, ఎవుల్నైనా." ఇక్కడ మాట చివర "లా" అనడం అందరికీ అలవాటు.

"సెప్పి అమ్మినా నేరమేనమ్మా."

"అదేటి? నిజం సెప్పినా నేరమేనా?"

ఇలాంటి కేసులో వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మాటే ఇది, ప్రతిసారీ ఓపిక తెచ్చుకుని చెప్పాలి. కొన్నవాళ్ళు మోసపోయారా లేదా అన్నది ఒక సంగతి. ముద్ర ఎవరిదో వాళ్ళ అనుమతి లేకుండా దాన్ని వేసిన సరుకు అమ్మడం వేరే సంగతి. అమ్మడమే కాదు, అమ్మకం కోసం దగ్గర ఉంచుకున్నా తప్పే, దాన్ని పొసెషన్ ఫర్ సేల్ అంటారు. కొట్లో అమ్మినా హాల్లో చాప మీద అమ్మినా చట్టానికి ఒకటే. పైగా జరిమానా ఒక్కో వస్తువుకూ విడిగా లెక్క వేస్తారు. జైలు కూడా పడవచ్చు.

అంతా విని ఆమె జైలు గురించి అడగలేదు. "కేసు కోర్టుకెక్కితే తాదికలో ఉంచరక్కా. పిల్లలు నన్ను చెగూ అని పిలుస్తారు. నాకింకో పని రాదు," అంది. చెగూ అంటే మలయ్‌లో టీచరు.

ఒక దారి ఉంది. కాంపౌండ్. ప్రాసిక్యూటర్ ఒప్పుకుంటే, కోర్టుకు వెళ్ళకుండా జరిమానా కట్టి కేసు ముగించుకోవడం. మొదటి తప్పు, సరుకు కొద్ది, అధికారులకు పూర్తిగా సహకరించింది అంటే ఆశ ఉంటుంది. వాళ్ళు ఇంటికి ఇంకోసారి తనిఖీకి వస్తామన్నారు. అడిగిందానికల్లా నిజం చెప్పమన్నాను, ఒక్క బ్యాగు కూడా మళ్ళీ ఇంట్లోకి రానివ్వద్దన్నాను. బుద్ధిగా తలూపింది.

తనిఖీకి ముందు రోజు ఫోను చేసింది. గొంతులో సంతోషం. "అక్కా, మనోళ్ళందరూ బ్యాగులు తిరిగి తెచ్చేసినారు. ఇప్పుడు నేనేటీ అమ్మనట్టే గదా."

ఉన్న పని వదిలేసి కారెక్కాను.

మనవాళ్ళ తీరు నాకు తెలుసు. ఒక ఇంట్లో కష్టమొస్తే ఎవరూ పిలవకుండానే అందరూ చేరతారు. ఇక్కడా అదే చేశారు. జరిగిన అమ్మకాన్ని తలా ఒక చెయ్యి వేసి జరగనట్టు చెయ్యబోయారు. సొంతానికి వాడుకునే బ్యాగు కొన్నవాళ్ళ బీరువాలో ఉన్నంతసేపూ నీలవేణి దగ్గరున్న సరుకు కిందికి రాదు. అదే బ్యాగు నీలవేణి హాల్లో కనిపిస్తే, అమ్మకానికి ఉంచిన వస్తువు ఇంకొకటి పెరిగినట్టు. ప్రేమతో వచ్చి పిల్ల నెత్తిన జరిమానా పెంచుతున్నారు.

నేను వెళ్ళేసరికి అందరూ బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని చాపల మీద కూర్చుని ఉన్నారు.

"కొన్నది మీరు, వాడుకుంటున్నది మీరు. మీ వస్తువు మీరు పట్టుకెళ్ళండి," అన్నాను. "దాచకండి. ఆఫీసరు అడిగితే ఎక్కడ కొన్నారో ఉన్నదున్నట్టు సెప్పండి."

"సాయం సేద్దామనే వచ్చినాం లా," అంది ఒకావిడ నొచ్చుకుంటూ.

"తెలుసు పిన్నీ. అందుకే తిట్టడం లేదు."

నీలవేణి సరే అన్నాక ఆఫీసరుకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన రేపు వస్తానన్నాడు. దాచిపెట్టడం ఇంకో నేరం. చిన్న కేసుల్ని పెద్దవి చేసేది అదే.

అందరూ వెళ్ళాక ఒక బ్యాగు మిగిలింది. ఎవరో పొద్దున్నే కిరాణా కొట్టు ప్లాస్టిక్ సంచీలో పెట్టి గేటుకు తగిలించి పోయారు. మీగడ రంగు, బంగారు గొలుసు పట్టీ.

"ఎవరిదిది?"

"సెప్పలేనక్కా," అంది నీలవేణి. "ఆవిడ గుళ్ళో పెద్ద మనిషి. కోడలు కౌలాలంపూర్‌లో పెద్ద షాపులో కొన్నాదని ఊరంతా సెప్పుకున్నాది. ఇప్పుడు నేను పేరు సెప్తే ఆవిడ మొహం ఏటౌతాది?"

"మరి నీ మొహం?"

ఎంత చెప్పినా వినలేదు. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే ఆ పిల్ల మీద ఎక్కడలేని జాలి కూడా కలిగింది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. బ్యాగు బల్ల మీద ఉంది. ఇది ఎవరిదని మర్యాదగానే అడిగాడు. అమ్మింది నేనే, ఎవరో తిరిగిచ్చారు, పేరు చెప్పను అంది నీలవేణి. ఆయన పెన్ను మూత పెట్టి నా వైపు చూశాడు. సహకరించిందని రాయించుకునే అవకాశం చేజారిపోతోందని నాకు అర్థమైంది.

అప్పుడే గేటు తీసిన చప్పుడైంది. గుడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద అప్పలనరసమ్మ గారు, పట్టుచీరలో, వెనక ఇద్దరు ఆడవాళ్ళు. ఊళ్ళో ఏ వార్తయినా ముందు ఆ ఇద్దరి నోటనే బయటికొస్తుంది. కావాలనే వెంటబెట్టుకొచ్చింది.

"ఆ బ్యాగు నాది," అంది మలయ్‌లో ఆఫీసరుతో. మళ్ళీ వాళ్ళిద్దరికీ వినబడేలా మన భాషలో అంది. "కాపీ అని తెలిసే కొన్నాను. ఈ పిల్ల సెప్పే అమ్మినాది. అసలుదని ఊరంతా సెప్పింది నేను."

ఆఫీసరు ఆవిడ వాంగ్మూలం రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు కాంపౌండ్‌కు అనుమతి వచ్చింది. పట్టుకెళ్ళిన బ్యాగులు ధ్వంసం చేశారు. నీలవేణి జరిమానా కట్టి, తాదికలోనే ఉంది.

ఈ కేసు తర్వాత, ఇంట్లో అమ్మకాలు పెట్టుకుంటామని వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఒకటే. కొన్నవాళ్ళకు నిజం చెప్పినంత మాత్రాన ఆ ముద్ర మీది కాదు. చట్టం తీరు మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నిజం చెప్పినవాళ్ళు నేరస్తులై, అబద్ధం చెప్పుకున్నవాళ్ళు సాక్షులైన ఆ ఉదయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ రోజు గేటు దాకా సాగనంపుతూ, ఎందుకొచ్చారని అప్పలనరసమ్మ గారిని అడిగాను.

"నిన్నంతా ఎదురుసూసినాను, ఆ పిల్ల నా పేరు ఎప్పుడు సెప్పేస్తాదో అని," అంది. "సెప్పుంటే కోపం తెచ్చుకుని ఇంట్లో కూకుందును. సెప్పలేదు. మరి నేను రావాలి గదా."