క్యారియర్ మూత మీది పేరు

చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ ఎక్కినప్పుడు నా పక్కన కూర్చున్నతని గోళ్ల సందుల్లో ఎర్ర మైనం ఉంది. పాత తుపాకుల మీద చెక్కిన అక్షరాల్లో పోయిన రంగును మళ్లీ నింపడం తన పనని చెప్పాడు.

గ్రంథాలయంలో ఆ సంగతి చదివి ఉన్నాను కాబట్టి, "సన్న కుంచెతో దిద్దుతారు కదా, పుస్తకంలో చదివాను!" అన్నాను గొప్పగా.

"పుస్తకాల భయ్యా, కుంచె పెడితే పని ఖరాబ్!" అని నవ్వి, నా ఒళ్లోని స్టీలు క్యారియర్ అందుకున్నాడు. అది మా అమ్మది. మూత మీద కొట్టించుకున్న ఆమె పేరు తోమి తోమి అరిగిపోయిందనుకున్నాను. అమ్మ పోయాక ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు కూడా.

అతను ఎర్ర మైనపు కడ్డీతో మూతంతా రుద్ది, గుడ్డతో అడ్డంగా తుడిచాడు. పైనున్న మైనమంతా పోయి, అక్షరాల గుంటల్లోది మాత్రం నిలిచింది.

"తెలుగు మాటాడతాను గానీ చదవడం రాదు. ఏటి రాసుంది భయ్యా?"

ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ నాలుగు అక్షరాలు చదవడానికి అవతలి జెట్టీ వచ్చేదాకా పట్టింది.

"పైడితల్లి," అన్నాను.

అతను తలూపి దిగిపోయాడు. ఆ మూతను ఇప్పటికీ పీచుతో తోమను. వేళ్లతోనే కడుగుతాను.