నాగా కోసం మొక్కిన పొద్దులు

పెండ్లయి భూపాలపల్లికి వచ్చిన కొత్తలో నాకు పొద్దు బొగ్గుబాయి సైరన్‌తోనే మొదలయ్యేది. చలికాలం పొగమంచులో అది ఎక్కడో నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు ఉండేది. మా ఆయన సద్దిగిన్నె సైకిలుకు తగిలించుకుని ఆ మంచులో కలిసిపోయేవాడు. నేను గడపలో నిలబడి, సైకిలు బెల్లు మళ్లీ వినిపించకూడదని మొక్కుకునేదాన్ని.

ఆయన బదిలీ వర్కరు. రోజూ బాయి గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటు కార్మికుల్లో ఎవరైనా ఆ రోజు నాగా పెడితే, ఆ మనిషి స్థానంలో ఈయనను పిలుస్తారు. అందరూ వస్తే ఇంటికి తిరగడమే. సరిపడా మస్టర్లు, అంటే హాజరు రోజులు, పడితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. పని దొరకని రోజు సద్ది అట్లాగే తిరిగొచ్చేది. ఆయనకు ఇష్టమని వండిన మెంతికూర పప్పే అయినా ఇద్దరం సగం వదిలేసేవాళ్లం.

అందుకని నేను దేవుణ్ని ఎవరికో ఒకరికి పడిశం పట్టించమని అడిగేదాన్ని. పడిశం చాలు, అంతకన్నా పెద్ద రోగం వద్దని బేరం కూడా ఆడేదాన్ని. దుకాణం ఇంట్లో పుట్టినదాన్ని, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఒక ఏడు పర్మనెంటు కావడానికి ఇంకా కొద్ది మస్టర్లే తక్కువ పడ్డాయి. ఒక పొద్దున పక్కింటి అక్క గోడ మీదుగా పిలిచింది. వాళ్లాయన పర్మనెంటు.

"మా ఆయనకు రాత్రి నుంచి జరం. ఇయ్యాల నాగా. మీ ఆయనను జల్ది పొమ్మను, చెల్లె."

నాకు ముందు సంతోషమే కలిగింది. జ్వరం ఎట్లుందని అడగాలన్న ధ్యాస చాలాసేపటికి గానీ రాలేదు. ఆ రోజు సద్ది తిరిగి రాలేదు. నేను మాత్రం ఇల్లంతా తిరుగుతూ ఏడ్చాను.

తర్వాత పుట్టింటికి జనగామ పోయినప్పుడు నాయినకు ఇదంతా చెప్పాను. ఆయన చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివాడు. బదిలీ మాట మనకు ఉర్దూ మీదుగా వచ్చిందనీ, దాని మూలం అరబ్బీలోని బదల్ అనీ, ఒకరి స్థానంలో మరొకరని అర్థమనీ చెప్పాడు. ఆయన దోస్తు ఒకాయన, మంచం దిగలేని అన్న పేరు మీద హజ్‌కు పోయొచ్చాడట. దాన్ని కూడా బదల్ అనే అంటారట.

"నడిచేటియి తమ్ముని కాళ్లే బిడ్డా. పుణ్యం మాత్రం ఇంటికాడ పండుకున్న అన్నకే. అన్న పంపితేనే తమ్ముడు పోయిండు, ఊకె పోలే."

అప్పుడు ఆ మాట నాకు పూర్తిగా అందలేదు. ఆ ఏడే మస్టర్లు నిండాయి, ఆయన పర్మనెంటు అయ్యాడు. ఇంట్లో సైకిలు పోయి మోటారుసైకిలు వచ్చింది. పక్కింటివాళ్లు రిటైరై ఘనపూర్ వెళ్లిపోయారు.

మొన్న చలికాలంలో మా ఆయనకు జ్వరం వచ్చింది. సైరన్ కన్నా ముందే లేచి, మంచులో నాలుగో ఇంటి తలుపు కొట్టాను. మహబూబాబాద్ దిక్కు తండా నుంచి వచ్చిన కొత్త కోడలు తీసింది. ఆమె భర్త బదిలీ వర్కరే. ఈరోజు మా ఇంట్లో నాగా అని, అతణ్ని తొందరగా వెళ్లమని చెప్పాను.

ఆ పిల్ల ముఖం వెలిగింది. ఆ వెంటనే తల దించుకుంది.

"జరం ఎట్లుందక్కా?" అంది మెల్లగా.

ఆ గొంతులోని తప్పు చేసిన బెరుకు నేనెరుగుదును. ఆనాడు గోడ అవతల అక్క కూడా నా ముఖంలో ఇదంతా చూసే ఉంటుంది. చూసి కూడా తప్పు పట్టలేదు; నాయిన చెప్పిన అన్న లాగా తానే మా ఆయనను పంపింది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

"నేను గూడ గిట్లనే మొక్కిన," అన్నాను.