గుట్ట మీద రెండు నిద్రలు

మా ఇంట్లో గుట్ట ప్రయాణానికి తయారీ మూడు చలికాలాలు జరిగింది. గుట్ట మీద ఉన్నది మాత్రం రెండు రాత్రులే. ఇప్పటికీ ఎవరైనా అడవిలో రెండు రోజులు సరదాగా ఉండి వద్దామని మూటలు సర్దుకుంటుంటే నేనక్కడ కూర్చోలేను. వాళ్ల సంతోషం నేనెందుకు చెడగొట్టాలని లేచి లోపలికి పోతాను.

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. ఊరికి దక్షిణాన అడవి మొదలై పోచారం వైపు గుట్టలు గుట్టలుగా సాగుతుంది. అందులో ఒక గుట్ట మీద, పెద్ద బండ కింద మా దేవుడున్నాడు. గుడి లేదు, పూజారి లేడు. మొక్కుకున్నవాళ్లు అన్నం అక్కడే వండుకుని, రాత్రి ఆ బండ కిందే పడుకుని రావాలి. దాన్ని నిద్ర చేయడం అంటాం. అక్కకు చిన్నతనంలో అమ్మవారు పోసి కళ్లు తెరవని స్థితిలో ఉన్నప్పుడు, పిల్ల బతికితే రెండు నిద్రలు చేస్తానని అవ్వ మొక్కింది. నేను అవ్వ అంటున్నది మా అమ్మను. అక్క బతికింది. పొలం పనుల్లో పడి మొక్కు సంగతి అందరూ మరిచిపోయారు.

మరవనిది మా నాయినమ్మ ఒక్కతే. అక్కకు లింగంపేటలో పెళ్లి చేశాక మొదటి కాన్పులో మగపిల్లవాడు పుట్టి పురిట్లోనే పోయాడు. రెండో కాన్పులో ఆడపిల్ల, అదీ అంతే. ఆ రెండో పిల్ల పోయాక అక్క పుట్టింటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చునేది. అప్పుడు నాయినమ్మ అవ్వను పిలిచి అంది, "దేవునికి మొక్కి ఎగవెడ్తె ఊకుంటడా? బిడ్డనిచ్చిండు, బిడ్డ కడుపును పట్టుకున్నడు." ఆ మాట అక్క వినేటట్టే అంది. నాయినమ్మకు మాట మెల్లగా అనడం చేతకాదు.

ఆ పూట నుంచే ప్రయాణం మొదలైంది. వానకాలంలో బండలు జారతాయి, ఎండకాలంలో గుట్ట మీది గుండంలో నీళ్లుండవు. అందుకని వరికోతలు అయ్యాక, చలికాలంలోనే పోవాలి. బాపు, అంటే మా నాన్న, ఏ పనైనా నెత్తిన వేసుకుంటే నిద్రపోయే మనిషి కాదు. గొడ్డలి తీసుకుని ఒక్కడే పోయి బాట చూసి వచ్చాడు. వచ్చి వాకిట్లో బొగ్గుతో గీతలు గీసి, ఇక్కడ బండి ఆపాలి, ఇక్కడ నీళ్లు తాగాలి, ఈ రేగుపొదల దగ్గర ఎలుగుబంటి తిరుగుతుంది కాబట్టి మాట్లాడుకుంటూ నడవాలి అని మాకు చెప్పాడు. అడవిని కాసే జంగ్లాతు మనిషిని కలిసి, రాత్రంతా మంట పెట్టుకోవడానికి ఒప్పించి వచ్చాడు. 

గొంగళ్లు చలికి ఆగుతాయో లేదో తేలాలని ఒక రాత్రి మమ్మల్ని వాకిట్లో పడుకోబెట్టాడు కూడా. అవ్వ, నేను, ఇద్దరికీ కలిపి ఒక గొంగడి. తెల్లవారేసరికి అవ్వ పళ్లు కటకటా కొట్టుకుంటున్నాయి. అరుగు మీద కూర్చుని చూస్తున్న అక్క, పిల్ల పోయాక మొదటిసారి నవ్వింది. "బాపూ, దేవుడు అవ్వను గుట్ట మీద పండుమన్నడు గని సావుమనలేదు. ఇంకో గొంగడి నేయియ్యి" అంది. అవ్వ వణుకుతూనే ఆ నవ్వు చూసింది. ఆ పొద్దు ఇల్లంతా కాస్త తేటగా ఉండింది.

నాయినమ్మ మాత్రం బాపు హడావుడి చూసి, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ యవ్వారం" అంది. అన్నాక తన సామెతలో ఏముందో తనకే తట్టినట్టుంది. అక్క ముఖం వైపు చూసి, గంప తీసుకుని పెరట్లోకి పోయింది.

కొత్త గొంగడి నేయించాం. పిండి విసిరాం. రేపో మాపో బయలుదేరుతామనగా మాచారెడ్డి నుంచి కబురొచ్చింది. బాపుకు పెదనాయన, నాకు పెద్దతాత ఒకాయన అక్కడున్నాడు. ఆయన భార్య కాలం చేసింది. పాలోళ్లలో, అంటే ఒకే ఇంటిపేరు వాళ్లలో, ఎవరు పోయినా ఏడాది తిరిగేదాకా గుట్ట ఎక్కకూడదు. అది మా కట్టుబాటు. ఆ ముసలమ్మను నేను ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు. అయినా మా గొంగళ్లు మళ్లీ అటక ఎక్కాయి.

మరుసటి చలికాలం బాపు మళ్లీ బాట బాగుచేసి వచ్చాడు. ఈసారి పాలోళ్లలోనే బాపు వరస అన్న ఒకాయన చలిజ్వరంతో పోయాడు. అవ్వ ఆ రోజు ఏడ్చింది. ఊరివాళ్లు ఆయన కోసమే అనుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. మా దేవునికి పూజారి లేడు గానీ ఆ లోటు పాలోళ్లు తీర్చారు. ఇలా అన్నానని పోయినవాళ్లు నన్ను మన్నించాలి. కానీ నాకు ఆనాడు వాళ్ల మీద కోపమే వచ్చింది, ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

మూడో చలికాలం నాటికి జర్మనీ యుద్ధం నడుస్తోంది. గాసునూనె దొరకడం కష్టమై, కందీలు వెలిగించే ఇండ్లు తక్కువైపోయాయి. అక్క మళ్లీ నీళ్లోసుకుంది. మాఘంలో కాన్పు. పుష్యంలోనే నిద్రలు చేసేసి, గుట్ట మీది బొట్టు తీసుకుని నేరుగా లింగంపేట పోయి, అక్కను కాన్పుకు ఇంటికి తెచ్చుకోవాలని అవ్వ ఆశ. అంతలో మాచారెడ్డి పెద్దతాత మంచం పట్టాడని తెలిసింది. ఇవ్వాళో రేపో అంటున్నారట. ఆయన పోతే మళ్లీ ఏడాది గుట్ట లేదు. మొక్కు తీరకుండానే అక్క కాన్పవుతుంది. అవ్వ అన్నం మానేసింది.

నాయినమ్మే దారి చూపించింది. "సావు సెవుల వడ్డంకనే మైల. వినకుంటె అంటదు. ఆయన పొయ్యేలోగ మీరు పోయి రాండ్రి. కబురొస్తె నేను వింట. నేనెట్లనూ గుట్ట ఎక్కేదాన్ని గాదు" అని మోకాళ్లు నిమురుకుంది. కట్టుబాట్లు పెట్టేది ఆవిడే, వాటికి సందులు వెతికేదీ ఆవిడే. బాపు బాట పక్కనున్న ఇండ్లన్నీ తిరిగి, ఏ కబురొచ్చినా తాము గుట్ట దిగేదాకా తమ చెవిన వేయవద్దని చెప్పి వచ్చాడు. ఊరు ఊరంతా సరేనంది. ఆ మూడేళ్లూ మా తిప్పలు చూసిన ఊరు మరి.

మబ్బుల్నే, అంటే తెల్లవారకముందే, ఎడ్లను కట్టాం. పొగమంచు ఇంకా విడలేదు. గొంగళ్లు, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, వంటకు కుండ, ఎండుకట్టెలు బండిలో పెట్టాం. అవ్వ దండం పెట్టుకుని కూర్చోబోతుండగా తూర్పు బాట మీద ఒక మనిషి కనబడ్డాడు. నెత్తికి తువ్వాల చుట్టుకుని, చేతిలో కర్రతో, ఉరుకుతున్నట్టే వస్తున్నాడు. మాచారెడ్డి నుంచి వచ్చేవాళ్లు ఆ బాటనే వస్తారు.

"పొండ్రి," అంది నాయినమ్మ. "ఎన్కకు సూడకుండ్రి."

బాపు ఎడ్లను అదిలించాడు. బండి ఊరవతల చింతల దాకా పోయేసరికి వెనక నుంచి కేక వినబడింది. మాట తెలియలేదు, పిలుపు మాత్రమే తెలిసింది. అవ్వ బండి గూటం పట్టుకుని లేవబోయింది.

"ఎవలో పిలుస్తుండ్రయ్యా."

"మనల్ని గాదు," అన్నాడు బాపు.

ఆ తర్వాత కేక వినబడలేదు. నాయినమ్మ ఆ మనిషిని ఆపేసి ఉంటుందని మాకు తెలుసు. అవ్వ కొంగు చెవుల మీదికి లాక్కుని కూర్చుంది. పాపం, పెద్దతాత పోయాడని ముగ్గురం మనసులోనే అనుకున్నాం.

గుట్ట ఎక్కడం బాపు బొగ్గుతో గీసినట్టే జరిగింది. ఆపమన్న చోట బండి ఆగింది, బండిని కాయడానికి కింది గూడెం మనిషి దొరికాడు, గుండంలో నీళ్లున్నాయి, ఎలుగుబంటి రాలేదు. అన్నీ అంత సవ్యంగా జరిగిన ప్రయాణం నేను మళ్లీ చేయలేదు. బండ కింద ఊడ్చి, మంట వేసుకుని, రెండు గొంగళ్లు కప్పుకుని పడుకున్నాం. అయినా చలి ఎముకల్లోకి పోయింది. రెండో రాత్రి గడిచి తెల్లవారాక అవ్వ ముఖం కడుక్కుని, బండకు నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. ఇటు తిరిగినప్పుడు ఆమె ముఖంలో ఉన్న నిమ్మళం నేనంతకు ముందు చూడలేదు.

"ఇగ నా బిడ్డకు ఏం గాదు," అంది.

దిగేటప్పుడు దారంతా మాట్లాడుతూనే ఉంది. అక్కను తెచ్చాక పడుకోబెట్టడానికి నడిమింట్లో చోటు చాలదని, బాలింతకు పెట్టే కాయం ఇప్పుడే చేసి పెట్టుకోవాలని, పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టాలని చెప్పింది. నేరుగా లింగంపేట పోదామన్నది. రెండు రోజుల మసి, ఇంటికి పోయి స్నానం చేసి మంచి చీర కట్టుకుని పొమ్మన్నాడు బాపు. అలాగే ఇంటికి వచ్చాం.

తలుపుకు గొలుసు వేసి ఉంది. పక్కింటి ఆమె మమ్మల్ని చూసి చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"ముసలమ్మ యాడికి పోయింది?" అన్నాడు బాపు.

"లింగంపేటకు పోయింది. మీరు పోయిన పొద్దే పోయింది, ఆ మనిషితోని."

"మాచారెడ్డికి గాదా?" అంది అవ్వ.

పక్కింటి ఆమె చేట కింద పెట్టింది. చావు కబురు చల్లగా చెప్పడమంటారు. ఆమెకు అదీ చేతకాలేదు. ఏ కబురూ మా చెవిన వేయవద్దని చెప్పి పోయింది మేమే. గుట్ట దిగాక చెప్పవచ్చునని ఆమెకు గుర్తొచ్చేసరికి అవ్వ బాట పట్టి ఉరుకుతోంది. బాపు బండి తిప్పి ఆమెను ఊరి బయట అందుకున్నాడు.

ఆ తువ్వాల మనిషి అక్క అత్తగారింటి జీతగాడు. లింగంపేట నుంచి వచ్చేవాళ్లదీ ఆ తూర్పు బాటేనని ఆ పొద్దు మాకు తట్టలేదు. నెలలు నిండకముందే అక్కకు నొప్పులు మొదలయ్యాయని, బిడ్డ అడ్డం తిరిగిందని, అవ్వను వెంటనే తీసుకుని రమ్మని పంపారు. మేం పోయేసరికి అంతా అయిపోయింది. మట్టి కూడా చేసేశారు. నాయినమ్మ పాలు కాచే దాలి పక్కన కూర్చుని, గుడ్డవత్తిని మేకపాలలో ముంచి ఒక పసిపిల్ల నోట్లో పెడుతోంది. గుట్ట ఎక్కలేనని మోకాళ్లు చూపించిన మనిషి, అంత దూరం నడిచి వచ్చింది. పాదాలు పగిలి ఉన్నాయి.

అవ్వ ఏడవలేదు. నాయినమ్మ ముందర కూర్చుని, "మనిషిని తోలకపోతివి" అంది.

"తోలుదామనుకున్న. నిద్ర నడుమ లేపితె మొక్కు ఇరుగుతదనుకున్న. ఇరిగితె ఇద్దరు దక్కరనుకున్న." నాయినమ్మ గొంతు అంత చిన్నగా పలకడం అప్పుడే విన్నాను. "మీరు గుట్ట మీద ఉంటెనే దానికి బలమనుకున్న."

"నన్నడిగిందా?"

"అడిగింది. అవ్వ నీ కోసమే గుట్ట మీద నిద్ర చేస్తుందని చెప్పిన."

"ఏమన్నది?"

నాయినమ్మ వత్తిని మళ్లీ పాలలో ముంచింది. "గుట్ట మీద సలి ఎక్కువుంటది, అవ్వకు గొంగడి సాలుతుందో లేదో అన్నది."

అప్పుడు అవ్వ ఏడ్చింది. బాపు బయట ఎడ్ల మధ్య నిలబడ్డాడు. మేము గుట్ట మీద ఉన్న రెండో రాత్రి అక్క పోయింది. పిల్ల బతికింది. ఎవరిని అడిగినా మొక్కు ఫలించిందనే చెప్పారు.

అక్కకు మేం పట్టిన మైల మూడు రోజులు. పెళ్లయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారుతుంది కాబట్టి పుట్టింటివాళ్లకు అంతే. నాలుగో రోజున ఎవరో ఆడమనిషి, ఓదార్చడానికే కావచ్చు, "మీకు ఏడాది కట్టు లేదు, గుట్టకు ఎప్పుడైనా పోవచ్చు" అంది. ఎన్నడూ చూడని ముసలమ్మకు ఏడాది, నాతో ఒకే పక్కలో పెరిగిన అక్కకు మూడు రోజులు. నాకు ఆ లెక్క అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు అర్థం చేసుకునే ఓపికా లేదు.

మాచారెడ్డి పెద్దతాత ఆ చలికాలం పోలేదు. మంచం మీంచి లేచి మళ్లీ పొలం చూసుకున్నాడట. ఆయన పోయింది ఆ మరుసటి చలికాలం. అప్పటికి అక్క బిడ్డ మా ఇంట్లోనే పాకుతోంది. తూర్పు బాట మీద మనిషి రావడం అవ్వే ముందు చూసింది. ఆ ఏడాదంతా ఆ బాట మీద ఎవరు వచ్చినా ఆమెకే ముందు కనబడేవాళ్లు. పిల్లను చంకనేసుకుని ఊరి బయటికి ఎదురు పోయింది. ఆ మనిషిని ఇంటికి తీసుకొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. తాగేదాకా నిలబడి, "చెప్పు" అంది.

అతడు తలవంచుకుని పెద్దతాత సంగతి చెప్పాడు. నాయినమ్మ అలవాటుగా, "అయితే ఈ ఏడు గుట్ట..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

అవ్వ అక్కడే నిలబడి ఉంది. పిల్ల ఆమె కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"గంతేనా అన్నా? ఇంకేం లేదు గదా?" అంది.

అతడు లేదన్నాడు. అవ్వ మళ్లీ అదే అడిగింది. అతడు మళ్లీ లేదన్నాడు. ఆమెకు నమ్మకం కుదరక, అతడు లేచి పోయాక కూడా బాట దాకా వెంట నడిచింది.