కట్ట కింది ఊట

మల్కాజ్‌గిరిలో మా వెనక వీధిలో ఉండే ఒకతనికి కాప్రా దాటాక కొంత భూమి ఉంది. అందులో అతని తండ్రి సేద్యం కోసం వేయించిన మట్టికట్ట, దాని వెనక చిన్న చెరువంత నీరు. చుట్టూ పొలాలు పోయి ఇళ్లు లేచాక, కొడుకు ఆ నీటిలో తొక్కుడు పడవలు దింపాడు. సెలవు రోజుల్లో జనం టిఫిన్ డబ్బాలతో వచ్చి సాయంత్రం దాకా ఉంటారు.

నేను ఇంజనీరింగ్ కళాశాలలో నేలల పరీక్షలు నేర్పి రిటైరైనదాన్ని. ఎవరేం చెప్పినా “ఎలా తెలుసు?” అని అడుగుతాను. ఆ సంగతి తెలిసే అతను మా గుమ్మం ఎక్కాడు.

“అక్కా, పిల్లలను తోలుకొస్తమన్న బడోళ్లు కాయితం అడుగుతున్నరు. కట్ట మంచిగున్నదని ఒక్క ముక్క రాసియ్యి.”

“చూడకుండా రాయను.”

“చూడు, ఎవరొద్దన్నరు? నువ్వు పాలోడు పోసిన పాలను సుత అనుమానంగనే చూస్తవు గద!”

వెళ్లి చూశాను. మత్తడి, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే రాతిగోడ, దాని మీద పడవలకు లోతు కోసం రెండు వరసల ఇటుకలు పేర్పించాడు. తీయించమన్నాను. సణుగుతూనే తీయించాడు. కట్ట మీద నెర్రెలు లేవు, ఎక్కడా జారినట్టు లేదు. నాకు మిగిలిన సందేహం ఒక్కటే. కట్ట అడుగున, పాత తూము గొట్టం పక్కన, చేతి వేలంత ధారగా నీరు వస్తోంది.

“అది ఊటనే అక్కా. మా నాయన కాలంకెల్లి ఉన్నది. మైసమ్మ ఇచ్చిన నీళ్లు.”

మట్టికట్టలోంచి కొద్దిగా నీరు ఊరడం వింతేమీ కాదు. ఆ నీరు తేటగా ఉందా, మట్టిని మోసుకొస్తోందా అన్నదే తేల్చవలసింది. మట్టి వస్తోందంటే కట్ట లోపలి నుంచి కొద్దికొద్దిగా ఖాళీ అవుతోందని అర్థం. ధారకు పదిహేను అడుగుల దూరంలో కాపలా దంపతుల గది ఉంది. కట్ట తెగితే నీరు మొదట చేరేది ఆ గదికే.

ఆ రోజు వాన పడి కింద జారుడుగా ఉంది. నా మోకాలు దిగనివ్వలేదు, పైనుంచి ధార రంగు తెలియలేదు. కాపలాదారు భార్యకు ఒక సీసా ఇచ్చి, మర్నాడు పొద్దుటికి ఊట నీళ్లు పట్టి ఉంచమన్నాను. ఎందుకో చెప్పలేదు. నమూనా స్వయంగా పట్టుకోవాలని ఏళ్ల తరబడి విద్యార్థులకు చెప్పిన నోరు నాది.

సీసాలో నీరు అద్దంలా ఉంది. మట్టి కొట్టుకుపోతున్న సూచన లేదని రాసి సంతకం పెట్టాను.

వారం తర్వాత మత్తడి కొలతలు మరోసారి సరిచూసుకుందామని వెళ్లాను. కాపలాదారు భార్య గది ముందు కూర్చుని బిందెలో చేయి పెట్టి గుండ్రంగా తిప్పుతోంది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“పటిక తిప్పుతున్న మేడం. వానలు షురూ అయినకాడికెల్లి ఊట ఎర్రగొస్తున్నది.”

“మరి నాకిచ్చిన సీసాలో తేటగా ఉన్నాయే?”

“అయ్యో, పెద్దమనిషికి ఎర్రనీళ్లు ఇస్తమా? పటిక తిప్పి, పొద్దటిదాంక తేరనిచ్చి, నాలుగు మడతల బట్టల వడగట్టి నింపిన. మీరు తాగనీకి అడిగిన్రనుకున్న.”

ఆమె ముఖంలో మర్యాద చేసిన తృప్తి తప్ప మరేమీ లేదు. మోకాలిని తిట్టుకుంటూ ఊట దగ్గరికి దిగాను. ధార ఎర్రగా ఉంది. అది పడే చోట మెత్తటి మట్టి చిన్న దిబ్బగా పేరుకుంది.

అతన్ని పిలిపించాను.

“వారం కింద మంచిగున్నదని నువ్వే రాసిస్తివి. గిప్పుడు గిట్లంటవేందక్కా?”

“నేను తప్పు రాశాను. ఆ కాగితం తెచ్చివ్వు. పడవలు ఆపు. తూము తెరిచి నీళ్లు వదులు. ఒక్కసారిగా కాదు, రోజుకు కొంచెం.”

“సిమెంటు కొట్టిపిస్తే ఆగదా?”

“ఆ దారి మూస్తే నీళ్లు మరో దారి చూసుకుంటాయి. ధార మీద ఇసుక, దాని మీద కంకర పోయించు. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు.”

అతను ఆమె వైపు తిరిగాడు. “నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఊట మూపిస్తరని. బోరు నీళ్లల్ల పప్పు ఉడుకది సార్. గీ నీళ్లల్ల ఒక్క పొంగుకే ఉడుకుతది.”

నా పరికరాలు చెప్పని ముక్క అది. పక్కనే ఉన్న బోరు నీరు గట్టిది, లవణాలెక్కువ. ఈ ఊట నీరు చెరువు నీటిలాగే మెత్తనిది. ఇది భూమిలోంచి పుట్టిన ఊట కాకపోవచ్చు, చెరువు నీరే కట్టలోంచి వస్తుండవచ్చు. అంతమాత్రాన రుజువైనట్టు కాదు. చెరువు మట్టం రెండడుగులు దిగాక ధార నూలుపోగంత సన్నబడింది. అప్పుడు నమ్మాను.

కాపలావాళ్లను ఆ రోజే గేటు దగ్గరి టికెట్ల గదిలోకి మార్చాడు. పండుగ సెలవులు నడుస్తుండగానే పడవలు బురదలో కూర్చున్నాయి. నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అతని బాధ నాకు తెలుసు. ఆ పడవల మీదే ఇల్లు గడుస్తుంది.

ఎండాకాలం నీరంతా పోయాక, ఈ పనిలో అనుభవమున్నవాళ్లు కట్టను తవ్వారు. తూము గొట్టం పక్కన ఒక సొరంగం బయటపడింది. కాపలాదారు భార్య వంగి చేయి పెట్టింది. మోచేయి దాకా దూరింది.

“ఓయమ్మో, గింత సందు పెట్టుకొని మా నెత్తిమీద పండుకున్నదా ఇది?”

అతను సొరంగంలోకి తొంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “ఆ వానలకే తెగేదా అక్కా?”

“తెలియదు. తెగేదనీ చెప్పలేను, నిలిచేదనీ చెప్పలేను.”

తల ఊపి, కొత్త కట్ట లేచినా కింద మనుషులు ఉండకూడదని, కాపలా గదిని మధ్యాహ్నమే పడగొట్టించడం మొదలుపెట్టాడు. పలుగు గోడకు తగలగానే ఆమె అడ్డం వెళ్లింది.

“ఆగున్రి, జెర ఆగున్రి! దర్వాజ మంచిగున్నది. పైన కొత్త రూముకు పెట్టుకుంటం.”

ఆ దర్వాజ చౌకట్టును ఒక వైపు ఆమె, మరో వైపు అతను పట్టుకుని గేటు దాకా మోసుకెళ్లారు.