ఆటల పీరియడ్‌కు నన్నే కాపలా పెట్టారు

మా బడిలో ఆటల పీరియడ్ టైంటేబుల్లో మాత్రమే ఉండేది. దాన్ని అనుభవించేవాణ్ణి నేను. పదో తరగతికి లెక్కలు చెబుతాను. సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. అందుకని ఆటల గంట మోగగానే సుద్దముక్క పుచ్చుకుని క్లాసులోకి నడిచేవాణ్ణి. డ్రిల్లు మాస్టారు అడ్డు చెప్పిన పాపాన పోలేదు. ఆ సమయంలో ఆయన లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసుకునేవారు. అట్టలు ఎంత నీటుగా వేసేవారంటే, ఆటలు నేర్పినా ఇంత పేరు రాదు మాస్టారూ అని నేనే ఆయన్ని ఓదార్చేవాణ్ణి.

ఆ పదో తరగతిలోనే మా అమ్మాయి చదువుతోంది. కొంతకాలంగా దానికి రోజూ పొద్దున కడుపునొప్పి. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని పొట్ట పట్టుకునేది. డాక్టరుకు చూపించాం. జబ్బేమీ లేదు, బెంగ పెట్టుకుంది, కాస్త ఆడుకోనివ్వండి అన్నాడాయన. నేను తప్పకుండా అని తలూపాను. తలూపి, ఆ మధ్యాహ్నమే దాని ఆటల పీరియడ్‌లో త్రికోణమితి చెప్పాను. నేను చేస్తున్న పనికీ డాక్టరు మాటకీ సంబంధం ఉందని నా లెక్కల బుర్రకు తట్టనే లేదు.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి బడీ పిల్లల ఆరోగ్యం కోసం ఒక విధానం రాసుకుని అమలు చేయాలట. బాధ్యత ఎవరు తీసుకుంటారని హెడ్మిస్ట్రెస్ గారు అడిగితే స్టాఫ్‌రూమ్‌లో అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ నావైపు చూసి, చేతిరాత మీదే బాగుంటుంది కదా అన్నారు. పొగిడితే నేను కాదనలేను. నాకున్న జబ్బుల్లో అది మొదటిది. షుగరూ బీపీ ఆ తర్వాత వచ్చాయి.

రాయడం మొదలుపెట్టాక నాకు పూనకం వచ్చింది. క్యాంటీన్‌లో నూనె సరుకు వద్దన్నాను. కుళాయిలు బాగుచేయాలన్నాను. పుస్తకాల సంచుల బరువు తగ్గాలన్నాను. ఆ ఊపులోనే ‘ఆటల పీరియడ్‌ను ఏ టీచరూ ఏ కారణంతోనూ తీసుకోరాదు’ అని రాసి, కింద గీత కూడా గీశాను. గోడకు అంటించే కాగితాలు గోడ మీదే ఉండిపోతాయని నా ధీమా. హెడ్మిస్ట్రెస్ గారు మొత్తం చదివి, బ్రహ్మాండంగా ఉంది, సోమవారం నుంచి మొదలుపెట్టేద్దాం అన్నారు.

సోమవారం గంట మోగింది. నా కాళ్ళు నన్నడక్కుండానే క్లాసుకు వెళ్ళిపోయాయి. గుమ్మం దగ్గర డ్రిల్లు మాస్టారు మెడలో విజిల్‌తో నిలబడి ఉన్నారు. నన్ను చూసి అలవాటుగా పక్కకు తప్పుకోబోయారు, పాపం. తలుపు మీద అంటించిన విధానం కాగితంలోంచి నా ముత్యాల్లాంటి అక్షరాలు నన్నే చూస్తున్నాయి. సుద్దముక్క జేబులో దాచుకుని, తీసుకెళ్ళండి మాస్టారూ అన్నాను. తీరా చూస్తే బంతిలో గాలి లేదు. పంపు కోసం ఆటసామాను గది తెరిస్తే, అందులో నిండా నేను పిల్లల చేత చేయించిన అట్టముక్కల ఘనాలూ శంకువులూ ఉన్నాయి. పంపు వాటి అడుగున ఎక్కడో ఉంది. ఆరోజు పిల్లలు ఊరికే పరిగెత్తారు.

కొన్ని వారాలు గడిచాక మా అమ్మాయి పొద్దున మారువడ్డన అడగడం మొదలుపెట్టింది. దాని కడుపు కుదుటపడింది గాని నా సిలబస్ మునిగింది. పరీక్షల్లో మార్కులు తగ్గాయి. తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఆటల పీరియడ్ మళ్ళీ నా చేతికి ఇప్పించడానికేనని అందరికీ తెలుసు. నిజం చెప్పాలంటే, నాకు లోలోపల సంతోషంగానే ఉంది. ముందురోజు సాయంత్రం మా అమ్మాయి షూలు విప్పుకుంటుంటే, నాకు సాక్ష్యం దొరుకుతుందని, పాఠాలు వెనకబడింది ఆటల వల్లే కదమ్మా అని అడిగాను.

“ఆటల వల్ల కాదు నాన్నా. నువ్వు క్లాసుకి రాగానే టైం వేస్ట్ చేయకూడదని చెప్తావుగా. సగం టైం దానికే అయిపోతుంది.”

మరి ఎవరూ చెప్పలేదేమని అడిగాను.

“అప్పుడే కదా మేం సైన్స్ హోంవర్క్ చేసుకునేది.”

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా నేను గంభీరంగా ఉపన్యసిస్తుంటే పిల్లలు తలలు వంచుకునేది భక్తితోనని అనుకున్నాను.

మర్నాడు సమావేశంలో ముందు వరసలోని తండ్రి ఒకాయన లేచి, మా పిల్లలు పైకొచ్చారంటే మీ చలవే సార్, పబ్లిక్ పరీక్షలయ్యేదాకా ఆ పీరియడ్ మీరే తీసేసుకోండి అన్నాడు. చుట్టూ అందరూ తలలూపారు. పొగడ్త వినగానే నా నోరు ‘అలాగే’ అనడానికి తెరుచుకుంది కూడా. తల్లుల మధ్య కూర్చున్న మా ఆవిడ నన్నే చూస్తోంది. రెండు ముద్దలు తిని పొట్ట పట్టుకునే పిల్ల గుర్తొచ్చి భయమేసింది.

“పాఠాలు వెనకబడింది ఆటల వల్ల కాదండీ, నా వాగుడు వల్ల” అన్నాను. “అది నేను తగ్గించుకుంటాను. మార్కుల సంగతి ఇప్పుడే మాటివ్వలేను. మా అమ్మాయికి మాత్రం రోజూ పొద్దున కడుపునొప్పి వచ్చేది, ఇప్పుడు రావట్లేదు. నేను చూపించగలిగే రిజల్టు అదొక్కటే.”

నా ఉద్యోగానికే ఎసరొచ్చిందనుకున్నాను. చివరికి వెనక వరసలోంచి ఒకావిడ, పక్కవాళ్ళకు కూడా వినబడకూడదన్నట్టు మెల్లగా అంది.

“మావాడికి తలనొప్పి సార్. పొద్దున పూటే వస్తుంది.”

పీరియడ్ తీసేసుకోమన్న తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన కూతురు నా లెక్కల్లో ఎప్పుడూ ఫస్టే. ఆయన వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూశాడు.

“మా పాపకి వాంతులు” అని కూర్చున్నాడు.