పురుగులే అమ్మ దగ్గరికి వెళ్లిన రోజు

నేనుండే రాబర్ట్‌సన్‌పేట నుంచి పుట్టిల్లు సుగటూరు వెళ్లి మా తమ్ముడి పట్టుపురుగుల ఇంటి తలుపు తీయగానే పచ్చి మల్బరీ ఆకు వాసనా, సున్నం వాసనా కలిసి గుప్పున తగులుతాయి. నేను మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను.

మా చిన్నప్పుడు ఆ వాసన ఇల్లంతా ఉండేది. చలికాలం పొద్దున వంటింట్లో అనపగింజల పులుసు, రాగి సంగటి ఉడుకుతుంటే, మేము మధ్యగదిలో పురుగులున్న వెదురు తట్టల కింద దూరి దాగుడుమూతలాడి అవ్వ చేత తిట్లు తినేవాళ్లం. అవ్వ, అంటే నాయన తల్లి, ఆ గదికి మహారాణి. ముట్టయిన ఆడమనిషి నీడ తగిలినా పురుగులు పసుపుపచ్చగా మారి చస్తాయని ఆమె నమ్మకం. అందుకే నెలనెలా అమ్మ పశువుల కొట్టంలో ఓ మూల చాప వేసుకుని, సత్తు కంచం పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆ కంచం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి సరిగ్గా పురుగులు పండే రోజునే అమ్మ బయట చేరింది. పండిన పురుగు మేత మానేసి, ఒళ్లు తేటబడి, దారం తీయడానికి సిద్ధంగా ఉంటుంది. దాన్ని వెంటనే ఏరి, గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేయకపోతే ఆకుల మధ్యే గూడు కట్టి పంటంతా పాడవుతుంది. నాయన ఆకు కోసం పొరుగూరు వెళ్లాడు. అవ్వకు చూపు మసక. ఆమె ఏరినవాటిలో సగం పచ్చివే, అవి చంద్రిక దిగి మళ్లీ మేత వెతుక్కుంటున్నాయి. ఆ పంట పోతే ఆ ఏడాది మాకు దిక్కులేదు. అమ్మ ఉండబట్టలేక కొట్టంలోంచి కేకేసింది.

"అట్ల కాదత్తా, వెలుతురుకు పట్టి చూడు!"

"కన్ను కనపడితే కదమ్మా చూసేది! ఇంగ నువ్వా, లోపలికి రాకూడదు" అని గుమ్మంలోంచి అరిచిన అవ్వ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఏమే, ఆ తట్ట పట్టు. ఆమె రాకూడదు గానీ, పురుగులు పోకూడదని ఎవురు చెప్పినారు?"

ఇద్దరం చంద్రికలనూ, తట్ట తరువాత తట్టనూ కొట్టానికి మోశాం. అమ్మ చేతుల వేగం చూడాలి! ఆవు మెడ చాచి ఆకు లాక్కుంటుంటే మోచేత్తో నెడుతూనే సాయంత్రానికల్లా చంద్రికలన్నీ నింపేసింది. గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయి. ఊళ్లో ఎవరైనా ఆరా తీస్తే "కొట్టంలో గాలి బాగుండాది" అని అవ్వ తొణక్కుండా చెప్పేది. తరువాతి పంటకు మళ్లీ అదే సమయంలో అమ్మ బయట చేరితే, తట్టలు మోయడానికి అవ్వకే విసుగు పుట్టింది. "కాళ్లు కడుక్కోని నువ్వే రామ్మా" అంది. ఆమె నడుంనొప్పి ముందు ఆ ఆచారం నిలవలేదు. అది పోయినందుకు నాకు ఏ బెంగా లేదు.

ఇప్పుడు అవ్వ లేదు, వెదురు తట్టలు లేవు, పాత కొట్టం కూల్చి ఆ చోటే పురుగుల ఇల్లు కట్టారు. దానికి అమ్మే పెద్ద. పురుగులకు రోగాలు సోకకుండా గుమ్మంలో పోసిన సున్నం తొక్కకుండా అడుగుపెడితే కొడుకునైనా తిట్టి బయటికి పంపుతుంది. మొన్న పురుగులు ఏరుతుండగా తమ్ముడి కూతురు, కాలేజీ పిల్ల, తండ్రి ముందే నడుం పట్టుకుని, "అవ్వా, ముట్టయినాను, శానా నొస్తా ఉండాది, ఈపొద్దు నాతో కాదు" అంది. ఒకప్పుడు ఆ మాట మగవాళ్ల చెవిన పడితే ఇంట్లో పెద్ద రగడ. తమ్ముడు తల కూడా ఎత్తకుండా పురుగులు ఏరుతూనే ఉన్నాడు. అమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"పోయి పండుకో. నా మంచం మీద."